ఎవరేమన్నా బలపరిచే క్లెమ్ పెంగెల్లీ

క్లెమ్ పెంగెల్లీకి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఏ ప్రతిపాదన చేసినా చెయ్యెత్తి "బలపరుస్తున్నాను" అంటాడు. అది మంచిదా చెడ్డదా, చేసినవాడు మిత్రుడా శత్రువా, అసలు వాడు ప్రతిపాదించాడా లేక ఆవులించాడా అని చూడడు. బలపరిచేస్తాడు. ఆ తర్వాత లేచి నించుని, దానికి వ్యతిరేకంగా ఓపిక ఉన్నంతసేపు మాట్లాడి, వ్యతిరేకంగా ఓటు వేసి, దాన్ని ఓడించి, భోజనం చేసినంత తృప్తిగా కూర్చుంటాడు.

మా యారన్‌బూల్ పట్టణ కౌన్సిల్‌లో ఏడుగురు సభ్యులు. ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొకరు బలపరచాలి. బలపరిచేవాడు లేకపోతే ఆ ప్రతిపాదన అక్కడికక్కడే చచ్చిపోతుంది. చర్చ ఉండదు, ఓటింగు ఉండదు, చంపింది ఫలానావాడని వేలెత్తి చూపడానికి ఎవడూ ఉండడు. పిరికివాళ్లకి ఇంతకన్నా అనువైన నిబంధన ఎవరూ రాయలేరు. మా ఊళ్లో గొర్రెల తర్వాత ఎక్కువగా ఉన్నది పిరికివాళ్లే కనక ఈ నిబంధన మీద అందరికీ చాలా గౌరవం. గౌరవం లేనివాడు క్లెమ్ ఒక్కడే. ఆయన కుర్చీలో ఉన్నంతకాలం మా ఊళ్లో ఏ మాటా గుట్టుచప్పుడు కాకుండా చావలేదు.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ హాల్లో కుర్చీలు వేసేదీ, టీ బాయిలర్ నింపేదీ, సభ అయ్యాక కేకు పొడి ఊడ్చేదీ నేనే. ఉండేదేమో క్లెమ్ పొలంలో, పాల షెడ్డు పక్క గదిలో. అద్దెకు బదులు పొద్దున్నే ఆవులకు యంత్రాలు తగిలించి పాలు తీస్తాను. కాబట్టి ఆయన్ని కౌన్సిలర్ల మధ్యా చూశాను, ఆవుల మధ్యా చూశాను. రెండుచోట్లా ఒకటే మనిషి. ఆవులు కాస్త శ్రద్ధగా వింటాయి, అంతే తేడా.

ఒకసారి బార్ట్ లోమాక్స్ అనే కౌన్సిలర్, పార్కులో ఉన్న మరుగుదొడ్లకి ఆదివారాలు తాళం వెయ్యాలన్నాడు. బార్ట్ గొర్రెల ఆసామి. మనిషి గుమ్మంలో పట్టడు, కోపం హాల్లో పట్టదు. ఆదివారాలు పైఊళ్ల వాళ్లు కార్లు ఆపి మన నీళ్లు ఖర్చు చేసి పోతున్నారని ఆయన బాధ. ఎవరూ ఉలకలేదు. క్లెమ్ చెయ్యెత్తాడు. బలపరిచాడు. బలపరిచి, పైఊరివాడి కష్టాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించి, ఒక దశలో నటించి కూడా చూపించి, ఆ ప్రతిపాదనను చిత్తుగా ఓడించాడు.

మేయర్ గ్లెనిస్ హార్కర్‌కి ఓపిక నశించింది. "మీకది ఇష్టం లేనప్పుడు ఎందుకు బలపరిచారండీ?"

"మాట నిలబడాలి కదా మేయర్‌గారూ. నిలబడ్డదాన్ని పడగొడితే అది కుస్తీ. పడుకున్నదాన్ని తంతే ఏం బావుంటుంది?"

బార్ట్ బయటికొచ్చి క్లెమ్ భుజం మీద ఒక్కటి చరిచాడు. "నీలాంటి వెధవని ఎక్కడా చూళ్లేదురా."

"బలపరుస్తున్నా" అన్నాడు క్లెమ్, భుజం రుద్దుకుంటూ.

పశువుల వేలానికి మాత్రం ఆయన్ని రానివ్వరు. ఒకేఒకసారి వెళ్లాడు. వేలం వేసేవాడు గొంతు చించుకుంటున్నాడు: "ఇంత చక్కని అల్పాకాలు, ఈ ధరకి ఎవరూ వద్దనరు, ఏమంటారు?" జనం చేతులు జేబుల్లో పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. క్లెమ్ చెయ్యి దానంతటదే లేచింది. సాయంత్రం ట్రక్కులోంచి ఒంటెకీ గొర్రెకీ పుట్టినట్టున్న ఆ పొడుగు మెడలు ఒక్కొక్కటే దిగుతుంటే ఆయన భార్య డోరీన్ మెట్ల మీద నించుని చూసింది.

"ఏమిటివి?"

"పాపం, అరిచి అరిచి ఆయన గొంతు పోయింది డోర్. ఒక్కడూ పలకలేదు."

"నువ్వు పలికావుగా. ఇక రాత్రికి కబుర్లు వాటితోనే చెప్పుకో."

డోరీన్ మాటకు పదునెక్కువ. పెళ్లెలా జరిగిందని ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పేది ఒకటే: "ప్రతిపాదన నాది. ఆయన బలపరిచాడు. అదృష్టం, ఆ ఒక్కసారీ చర్చ పెట్టలేదు."

నాతోనూ ఇదే వరస. ఒక పొద్దున ఆవుల పొదుగులు తుడుస్తూ నేను కడుపు మండి, "ఈ ఊరంత పనికిమాలిన ఊరు భూమ్మీద లేదు. మెల్‌బోర్న్ పోతాను" అన్నాను.

"బలపరుస్తున్నాను" అన్నాడు క్లెమ్.

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన బాల్చీ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "సరే, ఇక చర్చకొద్దాం. మెల్‌బోర్న్‌లో అద్దెలెంత? నువ్వక్కడ ఏం చేస్తావు? కుర్చీలు వేస్తావా? కుర్చీలు ఇక్కడ లేవా?" చర్చ టిఫిను దాకా నడిచింది. టిఫిను దగ్గర డోరీన్‌ని కూడా సభ్యురాలిగా చేర్చుకుని ఓటింగు పెట్టాడు. ఇద్దరి మీద ఒక్కణ్ని ఓడిపోయాను. ఇంకా ఇక్కడే ఉన్నాను.

ఆయన ఎందుకిలా చేస్తాడో తెలుసుకోవాలని నాకు మహా దురదగా ఉండేది. పుస్తకాలు చదివి మనుషుల్ని అర్థం చేసుకోవచ్చని నమ్మినవాణ్ని. తన గొంతు తనే వినాలన్న మోజు అని ఒక సిద్ధాంతం చేశాను. కానీ ఆ సిద్ధాంతం, మా ఊరి ఆటలకి అంపైర్‌గా నిలబడే ముసలాయన అంత్యక్రియల దగ్గర చతికిలబడింది.

ఆ అంపైర్ని ఊళ్లో ఎవరూ ఇష్టపడేవారు కాదు. చర్చిలో ఆయన కొడుకు లేచి, "మా నాన్న మంచివాడే" అని, అక్కడ ఆగిపోయాడు. జనమంతా ఎవరి బూట్లు వాళ్లు చూసుకుంటున్నారు. వెనక బెంచీలోంచి "బలపరుస్తున్నాను" అని వినిపించింది. చర్చి గొల్లుమంది. కొడుకు కూడా నవ్వాడు. నవ్వాక గొంతు విడి, తండ్రి గురించి చాలాసేపు చెప్పాడు. క్లెమ్ ఆ రోజు చర్చ పెట్టలేదు, వ్యతిరేకించనూ లేదు. ఆ పోయినాయన క్లెమ్ ట్రాక్టరు అరువు తీసుకెళ్లి గుంటలో దించినవాడు. బయటికొస్తుంటే అడిగాను:

"నిజంగా మంచివాడనే అనుకుంటున్నావా?"

"దుర్మార్గుడు."

"మరెందుకు బలపరిచావు?"

"ఆ కుర్రాడు నించునున్నాడు కదయ్యా" అన్నాడు, అదే సమాధానమైనట్టు. నాకేమీ అర్థం కాలేదు.

అప్పుడొచ్చింది నడకదారి గొడవ.

ఊరి చివర వృద్ధాశ్రమం ఉంది. అక్కడినుంచి ఊళ్లోకి రావాలంటే దుంగల లారీలు తిరిగే పెద్దరోడ్డే గతి. దాని పక్కన కాలిబాట లేదు. ఆశ్రమం అరుగు మీద కూర్చుంటే బేకరీ పొగ కనిపిస్తుంది, రొట్టె వాసన కూడా వస్తుంది. వెళ్లడానికి మాత్రం లేదు. అక్కడివాళ్లు ఊళ్లోకి రావాలంటే ఎవరైనా కారులో తీసుకురావాలి, లేదా అంబులెన్సు ఎక్కేంత జబ్బు చెయ్యాలి. ఆశ్రమం వెనకాలే పాత రైలుకట్ట ఉంది. పట్టాలు పీకేసి చాలాకాలమైంది. చదునైన కట్ట, నేరుగా బేకరీ వెనక తేలుతుంది. దాన్ని నడకదారిగా మార్చడానికి రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తానంది. ఖర్చులో చిన్న వాటా కౌన్సిల్ పెట్టుకోవాలి. ఒప్పుకుంటున్నట్టు ఆ నెల సభలోనే తీర్మానం చెయ్యాలి. లేకపోతే గ్రాంటు ఇంకో ఊరికి పోతుంది.

ఈ ప్రతిపాదన తెచ్చింది సినా ఫాలెఫా. ఆశ్రమంలో నర్సు, సమోవా దీవుల నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడిన మనిషి. కౌన్సిల్‌కి కొత్తగా గెలిచింది. మేయర్‌గారికేమో ఆ వాటా డబ్బుతో ఫుట్‌బాల్ మైదానం దగ్గర కార్ల పార్కింగు కావాలి. బార్ట్‌కి ఆ కట్ట మీద సైకిళ్లు రావడం ఇష్టం లేదు. "బిగుతు నిక్కర్ల మెల్‌బోర్న్ మనుషులు నా గొర్రెల్ని బెదరగొడతారు" అన్నాడు. మిగతా ముగ్గురు, అంటే మాంసం కొట్టాయన, మందుల షాపావిడ, టైర్ల షాపాయన, మేయర్ తుమ్మితే జలుబు తెచ్చుకునే రకం. ఓటింగుకొస్తే ముసలివాళ్ల మొహం చూస్తూ వద్దనాలి. వాళ్లంతా తమ కొట్లకి వచ్చే ఖాతాదారుల తల్లులూ తండ్రులూనూ. కాబట్టి అందరి ఆశా ఆ నిబంధన మీదే. ఎవరూ బలపరచకపోతే చాలు.

"క్లెమ్ ఉన్నాడుగా" అంది సినా, మా వంటింట్లో టీ తాగుతూ. "క్లెమ్, నువ్వు బలపరుస్తావు కదూ?"

"తప్పకుండా. బలపరిచి వ్యతిరేకిస్తాను. చక్రాల కుర్చీలు చూస్తే నా ఆవులు పాలు ఎగ్గొడతాయి."

"వ్యతిరేకించుకో, ఫరవాలేదు. మాట సభలోకి వస్తే చాలు నాకు."

"అదీ మాట! డోర్, విన్నావా? ఈ పిల్లకి సభా మర్యాద తెలుసు."

ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. మేయర్‌గారు స్వయంగా కారేసుకుని పొలానికి వచ్చింది. కారు దిగకుండానే చెప్పింది: "క్లెమ్, ఆ రైలుకట్టలో మీ పొలం వెంబడి ఉన్న ముక్క మేతకి మీరే కౌలుకు తీసుకున్నారుగా?"

"అవును. మా తాత నాటినుంచీ."

"అయితే ఆ విషయంలో మీకు స్వార్థం ఉన్నట్టే. చట్టం ప్రకారం అది చర్చకొచ్చినప్పుడు మీరు గది బయటికి వెళ్లాలి." నవ్వి, అద్దం ఎత్తేసింది.

ఆయన మొహం అలా పడిపోగా నేనెప్పుడూ చూళ్లేదు. కౌలు వదులుకుంటానని ఫోను చేశాడు. వదులుకోవడానికి కూడా నెలలు పడుతుందన్నారు. అప్పుడు బూట్లు తొడుక్కుని ఊరి మీద పడ్డాడు, తనకు బదులు ఒక చెయ్యి వెతకడానికి. నేను వెంట వెళ్లాను. జాలితో కాదు, చూడాలని.

మాంసం కొట్టాయనకి బల్ల దగ్గరే శిక్షణ మొదలుపెట్టాడు. "చాలా తేలిక. చెయ్యి ఇలా చెవి దాకా తీసుకురా. 'బలపరుస్తున్నా' అను. తర్వాత నీ ఇష్టం, చీల్చి చెండాడుకో."

"నా భుజం పట్టేసింది క్లెమ్."

"ఇప్పుడే కదయ్యా అంత గొడ్డలి ఎత్తావు!"

"గొడ్డలైతే లేస్తుంది."

మందుల షాపావిడ, ఆ రోజు తనకు తలనొప్పి వస్తుందని ముందే చెప్పేసింది. టైర్ల షాపాయన కారు కింద దూరి, క్లెమ్ వెళ్లేదాకా బయటికి రాలేదు. చివరికి పబ్బులో బార్ట్ దొరికాడు.

"బార్ట్, ఒక్క చెయ్యి."

"నా చెయ్యి గ్లాసు పట్టుకునుంది."

"రెండోది?"

"నువ్వు కొనిస్తే అదీ పట్టుకుంటుంది."

క్లెమ్ కొనిచ్చాడు. బార్ట్ రెండు గ్లాసులూ పట్టుకుని, రెండూ తాగి, మూతి తుడుచుకున్నాడు. "చూడు గురూ. ఆ దారి నాకొద్దు. నీకూ వద్దు. నువ్వు లేకుండా అది సుఖంగా చస్తుంటే నీకెందుకు ఏడుపు?"

"చావడం గురించి కాదురా. ఆ పిల్ల లేచి నించుంటుంది. ఎవరూ పలకరు. మళ్లీ కూర్చోవాలి. ఆ కూర్చోవడం ఉంది చూడు..." బార్ట్ ఖాళీ గ్లాసులు రెండూ బల్ల మీద పెట్టేశాడు.

సభ రోజు సాయంత్రం ఆశ్రమం బస్సు వచ్చి హాలు ముందు ఆగింది. నేను కుర్చీలు తీసి చక్రాల కుర్చీలకు చోటు చేశాను. ముందు వరసలో విన్నీ అబెర్‌నేతీ అనే పెద్దావిడ వచ్చి, మాంసం కొట్టాయనకు ఎదురుగా బండి ఆపి బ్రేకు వేసింది. "ఏరా, మీ అమ్మ బావుందా? పోయిన నెల నా పక్క గదిలోకి వస్తానంది" అంది. ఆయన అప్పుడే చెమట తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నడకదారి వంతు వచ్చింది. "కౌన్సిలర్ పెంగెల్లీ, మీరిక..." అంది మేయర్. క్లెమ్ లేచి, తన స్వార్థం ఏమిటో చట్టప్రకారం చెప్పి, బయటికి నడిచాడు. తలుపుకి పైసగం అద్దం. ఆ అద్దానికి ముక్కు ఆనించి నించున్నాడు. లోపలి మాట ఆయనకి వినబడదు, మనుషులు కనబడతారు.

సినా లేచింది. ఎక్కువ మాట్లాడలేదు. "మా వాళ్లకి ఊరు కనిపిస్తుంది. రావడానికి లేదు. ఈ గ్రాంటు ఒప్పుకుందామని నా ప్రతిపాదన" అంది.

"బలపరిచేవారు?" అడిగింది మేయర్.

మాంసం కొట్టాయన గోళ్లు చూసుకున్నాడు. మందుల షాపావిడ కణతలు నొక్కుకుంది. టైర్ల షాపాయనకి దూరడానికి కారు లేదు, కళ్లు మూసుకున్నాడు. సినా నించునే ఉంది.

అద్దంలో క్లెమ్ చెయ్యి లేచింది. వినబడకపోయినా లేచింది. అంతలో ఆయనకే తెలిసి, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని కిందికి లాగాడు. అది మళ్లీ లేచింది. మళ్లీ లాగాడు. తలుపవతల ఆయన తన చేతితో తనే కుస్తీ పడుతున్నాడు. విన్నీ అబెర్‌నేతీ కిసుక్కున నవ్వింది. బార్ట్ లోమాక్స్ ఆ అద్దం వైపు చూస్తున్నాడు.

"రెండోసారి అడుగుతున్నాను" అంది మేయర్, ఫైలు మూస్తూ. "ఎవరూ లేనట్టయితే..."

"ఛీ! బలపరుస్తున్నాను" అన్నాడు బార్ట్.

మేయర్ ఫైలు మళ్లీ తెరిచింది. "బార్ట్! మీకేమైనా మతిపోయిందా?"

"నా ఓటు వ్యతిరేకమే. అది మారదు. కానీ ఆ బయటున్న వెధవని అలా చూడలేకపోతున్నాను." బార్ట్ లేచాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "బలపరిచాను కనక మాట్లాడే హక్కుంది. మాట్లాడతాను. నవ్వినవాణ్ని గుర్తుపెట్టుకుంటాను. నేను కౌన్సిల్‌కి కొత్తగా వచ్చినప్పుడు మన ఈతకొలను మంగళవారం పొద్దున ఎవర్నీ రానివ్వకుండా మూసెయ్యాలని ప్రతిపాదించాను. ఎందుకని అడిగితే శుభ్రానికి అన్నాను. అబద్ధం. నాకు ఈత రాదు. ఇంత మనిషిని. వరదొస్తే గొర్రెల కోసం దిగలేక ఒడ్డున నించున్నాను. నేర్చుకోవాలి, ఎవరూ చూడకూడదు, అదీ సంగతి. మీలో ఒక్కరు పలకలేదు. క్లెమ్ బలపరిచాడు. బలపరిచి, చర్చలో నా పీక పట్టుకుని ప్రశ్నలడిగి, ఓడించాడు."

ఊపిరి తీసుకున్నాడు.

"మర్నాడు పొద్దున్నే ఇంటికొచ్చాడు. 'కొలను వద్దురా, గోడ మీంచి పిల్లలు చూస్తారు. నా చెరువులో లోతు లేని మూల ఉంది, ఆవులు తప్ప ఎవరూ చూడరు, రా' అన్నాడు. నేనేమీ చెప్పకుండానే చర్చలో కనిపెట్టేశాడు. ఆ వేసవంతా నేర్చుకున్నాను. మొదటిరోజు నేను మునిగి, ఆయన్ని పట్టుకుంటే ఆయనా మునిగాడు. అప్పుడు తెలిసింది, ఆ వెధవకీ ఈత రాదని! 'మరెందుకు దిగావురా' అంటే, 'ఒక్కడివే దిగితే బావుండదని' అన్నాడు. ఇద్దరం ట్రాక్టరు ట్యూబులు కట్టుకుని కాళ్లు కొట్టాం. అయిపోయింది. నేను చెప్పాల్సింది ఇంతే. ఈ దారి పనికిమాలిన దారి." కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. విన్నీ అబెర్‌నేతీ, "ఇప్పుడొచ్చా ఈత?" అని అడిగింది. "వచ్చు" అన్నాడు బార్ట్, మీసంలోంచి. అప్పుడు నవ్వారు, బార్ట్‌తో సహా.

ఇక ఓటింగు తప్పలేదు. వృద్ధాశ్రమమంతా మొదటి వరసలో కూర్చుని చూస్తుండగా మాంసం కొట్టాయన భుజం చిత్రంగా బాగైపోయింది. మందుల షాపావిడ తలనొప్పి తగ్గింది. ముగ్గురి చేతులూ లేచాయి. అది చూసి మేయర్‌గారు, ఈ దారి ఎప్పటినుంచో తన కల అని చెప్పి తనూ ఎత్తింది. వ్యతిరేకంగా బార్ట్ ఒక్కడే ఎత్తాడు.

క్లెమ్‌ని పిలవడానికి నేను తలుపు తీశాను. ఆయన నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "ఎవరు? ఎవరు బలపరిచింది?"

"బార్ట్."

"బార్టా! మరి ఓటు?"

"వ్యతిరేకంగా వేశాడు."

"శభాష్!" ఆయన కళ్లు మెరిశాయి. "అదీ పద్ధతి! చూశావా, చెప్తే నేర్చుకుంటారు!" గబగబా లోపలికెళ్లి, బార్ట్ పక్కన కూర్చుని, ఆ పెద్ద చెయ్యి పట్టుకుని సభ అయ్యేదాకా ఊపుతూనే ఉన్నాడు. బార్ట్ విడిపించుకోవాలని చూశాడు, మరీ గట్టిగా చూళ్లేదు.

దారంతా ఆ మాటే. ఇంటికెళ్లి డోరీన్‌కీ అదే మాట. మర్నాడు పొద్దున పాలు తీస్తుండగా, సగం ఆవులు అయిపోయాక, ఆయన చెయ్యి ఉన్నట్టుండి ఆగింది.

"అవునూ, ఇంతకీ ఆ దారి వస్తోందా, లేదా?"

"వస్తోంది. నెగ్గింది."

"ఛ! నా ఆవులు!" అన్నాడు. ఆ మాటలో కోపం కోసం నేను చాలా వెతికాను, దొరకలేదు. మధ్యాహ్నం చూస్తే, కట్ట వెంబడి తన కంచె గుంజలు పీకుతున్నాడు. ఏమిటని అడిగితే నుదురు తుడుచుకుని, గుంజని రెండడుగులు తన పొలంలోకి జరిపి పాతుతూ అన్నాడు:

"ఉన్న వెడల్పు చాలదయ్యా. రెండు చక్రాల కుర్చీలు పక్కపక్కన వెళ్లద్దూ? లేకపోతే దారంతా ఎవరితో మాట్లాడుకుంటారు?"